పలకత్తయ్య భాగహారాలు

ఆ వీధిలో పిల్లలకీ పెద్దలకీ కూడా ఆవిడ పలకత్తయ్యే. అసలు పేరు ఏమిటని అడిగితే పక్కింటివాళ్ళు కూడా తడుముకుంటారు. కరెంటు బిల్లు అన్నగారి పేరున వస్తుంది, ఉత్తరాలు అన్నగారికి వస్తాయి, ఇక ఆవిడ పేరుతో పని ఎవరికి పడుతుంది? చేతిలో పలక లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. పొయ్యి దగ్గర పలక, పెరటి మెట్ల మీద పలక, కుళాయి కింద బిందె నిండేలోపు పలక. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ వయసులో అక్షరాలు దిద్దుతోందేమిటి ఈవిడ అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. ఆవిడ దిద్దుతున్నది అక్షరాలు కాదు. ఒక సంఖ్యని భాగిస్తోంది. ఒకే ఒక్క సంఖ్యని, ఇరవై ఏళ్ళ పైబడి.

ఆ సంఖ్యని ఇంటికి తెచ్చింది అన్నగారు. ఆయన ముందుగదిలో బల్లలు వేసి పిల్లలకు లెక్కలు చెప్పుకునే మాస్టారు. లెక్కల్లో గట్టివాడే, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ తను గట్టివాడన్న సంగతి లోకం గుర్తించలేదన్న ఏడుపు ఆయన్ని లోపల్లోపల తినేసేది. తనకంటే తక్కువ మార్కులొచ్చినవాళ్ళు కాలేజీలో కుర్చీల్లో కూర్చున్నారని రోజూ అన్నం దగ్గర ఏకరువు పెట్టేవాడు. వినేది చెల్లెలు. ఆయన భార్య, అంటే వదినగారు, మొదటి ఏడాదే ఆ పాట విని విసిగిపోయి, కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి తినడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు లైబ్రరీలో ఏదో లెక్కల పత్రిక తిరగేస్తుంటే మాస్టారి కంట పడింది ఆ సంఖ్య. నలభై ఒక్క అంకెలు. ఎక్కడో పెద్ద యంత్రం మీద దాన్ని పరీక్షించి చూశారట. ప్రధాన సంఖ్య అయితే, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ పోని సంఖ్య అయితే, ఆ పరీక్షలో చివరికి ఒకటి మిగలాలి. మిగల్లేదు. కాబట్టి అది సంయుక్త సంఖ్య, ఏవో రెండు చిన్న సంఖ్యల్ని హెచ్చవేస్తే వచ్చిన సంఖ్య. ఆ రెండూ ఏవో మాత్రం ఆ పరీక్ష చెప్పదు. చిత్రమంతా అక్కడే ఉంది. విరుగుతుందని ఖాయంగా తెలుసు, ఎక్కడ విరుగుతుందో ఎవడికీ తెలీదు. లక్షలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూశామనీ, దేనితోనూ పోలేదనీ, ఆపైన ప్రయత్నించేవాళ్ళకు స్వాగతమనీ పత్రికవాళ్ళు రాశారు.

మాస్టారికి ఇంక పట్టపగ్గాల్లేవు. పత్రికని ఇంటికివ్వరు గనక సంఖ్యని ఒక కాగితం మీద దించుకున్నాడు. పత్రికలోని అంకెలన్నీ అక్కడే కూడి, ఒక్క అంకె మిగిలేదాకా మళ్ళీ మళ్ళీ కూడి, ఆ అంకెని కాగితం అడుగున వేసుకున్నాడు. ఇంటికొచ్చి కాగితం చెల్లెలికిచ్చి సరిచూడమన్నాడు. ఆవిడ కాగితం మీద అంకెలు కూడింది. అదే అంకె వచ్చింది. సరిపోయిందన్నయ్యా అంది. లెక్కలు తెలిసినవాళ్ళు ఎత్తి రాసుకున్న సంఖ్యని అలాగే సరిచూసుకుంటారు. దాన్ని తొమ్మిదుల పరీక్ష అంటారు, చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిందే.

ఇక్కడ చెల్లెలి సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి ఆవిడకి వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చి ఉంది. గాలి, తేమ, వాన కొలతల్ని తెచ్చి ముందు పడేస్తే కూర్చుని లెక్కకట్టే పని. పరీక్షలో మొదటి స్థానం. ఉత్తర్వు వచ్చిన రోజున ఆ కాగితాన్ని నాలుగుసార్లు మడిచి జాకెట్లో పెట్టుకుని తిరిగింది. వెళ్ళి చేరడమే తరువాయి.

మాస్టారు అడ్డం పడ్డాడు. అడ్డం పడ్డాడంటే కేకలేశాడని కాదు, అలా చేసినా బాగుండేది. బతిమాలాడు. ఒక్క ఏడాది ఆగమన్నాడు. ముందుగదిలో పిల్లలకి చెప్పుకుంటూ అన్ని భాగహారాలు తనొక్కడివల్ల ఎక్కడవుతాయన్నాడు. "గాలీ వానా లెక్కలు ఎవరైనా వేస్తారమ్మా. ఇది విరిగిన రోజున మనిద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చులో పడతాయి, చూస్తూండు" అన్నాడు. ఆ మాట ఆవిడ గుండెలో దిగబడిపోయింది. అన్నయ్య అంతవరకు 'మనిద్దరి' అన్న మాట వాడినట్టు ఆవిడకి గుర్తులేదు. ఉత్తర్వు గడువు దాటిపోయింది. తరవాత వయసూ దాటిపోయింది. గడియారాలు బాగుచేసే ఒకాయన సంబంధం వచ్చింది, మనిషి నెమ్మదస్తుడు. ఇది కాస్త ఒడ్డున పడనీ అని మాస్టారు, ఇంకెంతలే అని ఆవిడా వాయిదా వేస్తూ ఉండగా ఆయన ఇంకొకరిని చేసుకున్నాడు. వదినగారు మెటికలు విరిచి, "మీ అన్నాచెల్లెళ్ళకి ఆ సంఖ్యే మొగుడూ, ఆ సంఖ్యే పెళ్ళామూ" అని ఊరుకుంది.

పని పద్ధతి ఇది. లక్షలోపు అయిపోయింది గనక లక్ష దాటిన మొదటి ప్రధాన సంఖ్య దగ్గర మొదలుపెట్టారు. ప్రధాన సంఖ్యల పట్టిక ఒకటి, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం, ఎప్పుడూ వంటింటి అలమారులో ఉండేది. అందులో ఒక సంఖ్య చూసుకుని పలక మీద ఎడమ పక్కన దాని ఎక్కం తొమ్మిది దాకా వేసుకునేది. తరవాత పెద్ద సంఖ్యలో అంకెల్ని ఒక్కొక్కటే దించుకుంటూ తీసివేతలు. నలభై ఒక్క అంకెలు పలకకి పట్టవు కాబట్టి వాటిని రాసేదే కాదు, అంకెలన్నీ నోటికి వచ్చేశాయి. బలపంతో వేయడం, ఎడమ చేతి బొటనవేలితో తుడవడం. చివర సున్నా మిగిలితే పంట పండినట్టు. మిగల్లేదా, పట్టికలో ఆ సంఖ్య పక్కన పెన్సిలుతో చిన్న గీత, పలక తుడిచెయ్యడం, తరవాతి సంఖ్య.

మొదట్లో ఆవిడ ప్రతి భాగహారంలోనూ మిగిలిన శేషాన్ని విడిగా ఒక కాగితం మీద వేసి ఉంచబోయింది. మాస్టారు చూసి నవ్వాడు. "పోయిందా లేదా అన్నదే మనక్కావాలి. మిగిలింది మనకెందుకే? తుడిచెయ్యి" అన్నాడు. అన్నయ్య మాటే వేదం కదా, తుడిచేసింది. ఆ తుడవడం ఎన్నేళ్ళు సాగిందంటే ఆవిడ ఎడమ బొటనవేలి మీద గీతలు అరిగిపోయి చర్మం గాజులా నున్నగా తయారైంది. కొన్నాళ్ళు మాస్టారు కూడా సాయంత్రాలు కూర్చుని చేశాడు. తరవాత మెడనొప్పన్నాడు. ఆ తరవాత పైపైన చూస్తానన్నాడు. చివరికి రాత్రి అన్నం దగ్గర "ఎంతవరకొచ్చింది?" అని అడగడం వరకు మిగిలింది ఆయన వంతు. బజార్లో మాత్రం, కిళ్ళీకొట్టు దగ్గర మాత్రం, "నా సంఖ్య ఆరు లక్షలు దాటిందండీ" అని చెప్పుకునేవాడు. నా సంఖ్య! ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆవిడకి ఒక మాట అనాలనిపించేది. పేర్లు అచ్చయ్యే రోజున అన్నీ సర్దుకుంటాయిలే అని మింగేసేది.

పది లక్షల దగ్గరికి వచ్చేసరికి ఊళ్ళో కాలేజీ వాళ్ళకి సంగతి తెలిసింది. సంఖ్య విరగలేదు, నిజమే. కానీ పది లక్షలలోపు దీనికి కారణాంకం లేదని చేత్తో తేల్చడం చిన్న విషయమా? లెక్కల విభాగం వాళ్ళు సభ పెట్టి మాస్టారిని మాట్లాడమన్నారు. తనకు కుర్చీ ఇవ్వని కాలేజీ తన కోసం వేదిక వేస్తోంది. మాస్టారు నేల మీద నడవడం మానేశాడు. ఆహ్వాన పత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. వక్తగా ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ పక్కా ఈ పక్కా వెతికింది, తిప్పి వెనక కూడా చూసింది.

"సభలో చెబుతాలే" అన్నాడు మాస్టారు, ఆవిడ అడక్కుండానే. వదినగారు వంటింట్లోంచి ఒక్క చూపు చూసింది. సరే, చెల్లెలు ఆ మాటే పట్టుకుంది. కాగితం మీద లేకపోతే పోయె, అంతమంది ముందు అన్నయ్య నోటివెంట ఒక్క మాట వస్తే చాలు. 'చేసింది మా చెల్లెలు' అన్న మూడే ముక్కలు. ఇరవై ఏళ్ళ గొడ్డుచాకిరీకి ఆవిడ కట్టుకున్న ధర అంతే.

సభకి ముందురోజు ఉదయం పది లక్షలలోపు ఆఖరి ప్రధాన సంఖ్య కూడా అయిపోయింది. గీత పెట్టి పట్టిక మూసేసింది. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి నిలబడింది. చేతులు ఊరుకోవు కదా, అలవాటుగా పలక తీసింది. తీసింది గాని భాగించడానికి చేతిలో సంఖ్య లేదు. ఏమీ తోచక, ఉత్తినే, మొదటినుంచీ మొదలుపెట్టింది. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతో పోదు, అవి చూడగానే తెలిసేవే. తరవాతది ఏడు. ఏడుతో భాగించడానికి పలక కూడా అక్కర్లేదు, నోటితోనే అంకెలు దించుకుంటూ పోయింది. చివరి అంకె దించింది. ఏమీ మిగల్లేదు.

టీ నీళ్ళు పొంగి పొయ్యి ఆరిపోయింది. తప్పు చేశాననుకుని మళ్ళీ చేసింది, ఈసారి పలక మీద. సున్నా. పీట మీద కూర్చుండిపోయింది. లక్షలోపు దేనితోనూ పోదని పత్రిక చెప్పింది. తన నోటికొచ్చిన సంఖ్య చిన్నపిల్లలు చెప్పే ఏడో ఎక్కంతో పోతోంది. పత్రిక అబద్ధం చెప్పదు. అంటే తన నోట్లో ఉన్నది ఆ సంఖ్య కాదు.

మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళింది. పాత సంచికలు బైండు చేసి పైఅరలో పెట్టారు, దింపించుకుంది. వేలు పెట్టి అంకె అంకె చదువుకుంటూ వచ్చింది. మధ్యలో ఒకచోట పత్రికలో అయిదు, ఎనిమిది. వాళ్ళింట్లో ఎనిమిది, అయిదు. పక్కపక్క అంకెలు రెండు తారుమారు. అంతే. దించుకునేటప్పుడు మాస్టారి చెయ్యి ఒక్క క్షణం తడబడి ఉంటుంది. తారుమారైనా కూడిక మారదు కదా, తొమ్మిదుల పరీక్షకి దొరకలేదు. పత్రికలో అంకెల్నీ కాగితం మీద అంకెల్నీ పదకొండుతో కూడా చూసి ఉంటే, అంటే అంకెల్ని ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోయి ఉంటే, ఆ రోజే, అన్నం వేళకి ముందే, బయటపడేది. ఆవిడకి ఆ పరీక్షా తెలుసు. చెయ్యలేదు. అన్నయ్య చెయ్యమనలేదు, తనకి తోచలేదు. చిన్నవాటితో చూడాలన్న ఆలోచనా ఇద్దరిలో ఎవరికీ రాలేదు, అవి అయిపోయాయని పెద్దవాళ్ళు రాశారు గనక. బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇరవై ఏళ్ళు పోయాయని తెలిసినప్పుడు ఏడవాలో నవ్వాలో తెలీదు మనిషికి.

ఇంటికి వచ్చేసరికి మాస్టారు అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. "అన్నయ్యా, సంఖ్య గురించి ఒక మాట చెప్పాలి" అంది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఇవాళ వద్దు. నువ్వేదో ఒకటి అని నా బుర్ర పాడుచెయ్యకు. ఏమున్నా సభ అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. అద్దంలో ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు, నేను, నా పలక, నా భాగహారాలు అంటూ. గట్టిగా అరిచి చెప్పి ఉండవచ్చు, చెయ్యి పట్టుకు ఆపి ఉండవచ్చు. ఆ 'నా పలక' అన్న మాట విన్నాక ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు. నోరు మూసుకుని వెళ్ళి బియ్యం కడిగింది.

సభ కాలేజీ హాల్లో, సాయంత్రం. ముందు వరసలో విద్యార్థులు, రెండో వరసలో వదినగారూ ఆవిడా. నల్లబల్ల మీద ఆ చివరనుంచి ఈ చివరదాకా సంఖ్య రాసి ఉంది, ఎనిమిది తరవాత అయిదుతో సహా. మాస్టారు బాగా మాట్లాడాడు, అది ఒప్పుకోవాలి. విరుగుతుందని తెలిసీ విరగని సంఖ్య గురించి, దాని వెనకపడ్డ తన జీవితం గురించి చెప్పాడు.  ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ మూడు ముక్కల కోసం ఎదురుచూసింది. ఏడు సంగతి తెలిసి కూడా ఎదురుచూసింది, అదీ ఆవిడ పిచ్చి. ఇప్పుడు అంటాడు, ఈ వాక్యం అయ్యాక అంటాడు అనుకుంది. ఆయన అనలేదు. ధన్యవాదాలు చెప్పి, కాలేజీ వాళ్ళకి చెప్పి, పత్రికకి చెప్పి, తనకి మంచినీళ్ళు అందించినాయనకి కూడా చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

ప్రశ్నలుంటే అడగమన్నారు. ముందు వరసలో ఒక బక్కపలచటి అమ్మాయి లేచింది. ఉపన్యాసం సాగుతున్నంతసేపూ ఏదో గీసుకుంటూనే ఉంది. "సార్, దీన్ని ఏడుతో చూశారా?" అని అడిగింది. మాస్టారు చిరునవ్వు నవ్వి, లక్షలోపువన్నీ యంత్రాల మీద ఏనాడో అయిపోయాయమ్మా అన్నాడు. ఆ అమ్మాయి, నాకు పోతోంది సార్, నాదేమైనా తప్పేమో చూడండి అని బల్ల దగ్గరికి వచ్చింది. సంఖ్య కింద అంకె అంకెకీ భాగఫలం వేసుకుంటూ పోయింది. హాలంతా పెదవులు కదుపుతూ ఆ పిల్లతో పాటే ఏడో ఎక్కం చదివింది. చివరికి సున్నా వేసి, సుద్దముక్క పెట్టేసి, ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటి ముందుకొచ్చింది.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. బల్ల వంక చూశాడు, కాగితం వంక చూశాడు. ఎత్తి రాసుకోవడంలో ఏదైనా పొరపాటు జరిగిందేమోనని కాలేజీ పెద్దాయన మెల్లగా అన్నాడు, పాపం ఆదుకుందామనే. మాస్టారు ఆ మాట అందిపుచ్చుకున్నాడు. రెండో వరస వైపు చెయ్యి చూపించాడు.

"సంఖ్య సరిచూసింది నేను కాదండీ, మా చెల్లెలు. అదిగో, అక్కడ కూర్చుంది."

హాలంతా అటు తిరిగింది. అన్ని కళ్ళు తన మీద పడడం ఆవిడ జీవితంలో అదే మొదలు. వదినగారు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది, లేవకు అన్నట్టు. ఆవిడ లేచింది. అవునండీ, సరిచూసింది నేనే, తొమ్మిదులతో చూశాను, పదకొండుతో కూడా చూడాల్సింది అంది.  "భాగహారాలన్నీ చేసింది కూడా నేనే" అని ఇంకో మాట అంది. అప్పటికే కుర్చీలు జరుగుతున్నాయి, జనం లేస్తున్నారు. ఆ రెండో మాట వదినగారికి తప్ప ఎవరికీ వినపడలేదు.

దారిలో మాస్టారు నాలుగడుగులు ముందు నడిచాడు, వెనక్కి చూడలేదు. వదినగారు ఆవిడ పక్కనే నడుస్తూ, నీకు ముందే తెలుసు కదూ, ఆ పిల్ల ఏడు అనగానే కళ్ళు మూసుకున్నావు అంది. నిన్న తెలిసింది వదినా, చెప్పబోతే సభ అయ్యాక చూద్దామన్నాడు అంది ఆవిడ.  వదినగారు ముందు నడుస్తున్న తన భర్త వీపు వంక చూస్తూ, "మంచి పని చేశావు" అంది. ఆ మాట కూడా ఆవిడకి చల్లగా తగల్లేదు.

రెండ్రోజులు మాస్టారు గది తలుపు తీయలేదు. మూడోరోజు పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి వచ్చి, వంటింట్లోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కళ్ళు వెలుగుతున్నాయి. మనదేమీ వృథా పోలేదు, తేడా ఎంతో తెలుసు కదా అన్నాడు. మన సంఖ్యకీ అసలు సంఖ్యకీ తేడా ఇరవై ఏడు, దాని పక్కన కొన్ని సున్నాలు. ఒక్కో ప్రధాన సంఖ్యకి మనకు మిగిలిన శేషంలోంచి ఈ తేడా తాలూకు శేషం తీసేస్తే అసలు సంఖ్య శేషం వచ్చేస్తుంది, పెద్ద భాగహారం మళ్ళీ చెయ్యక్కర్లేదు, ఒక్క చిన్న తీసివేత చాలు. చెప్పిందంతా నిజమే, లెక్కల్లో గట్టివాడని ముందే అన్నాను కదా.

"ఏవీ ఆ శేషాలు? తీసుకురా" అన్నాడు.

ఆవిడ కూర తరుగుతోంది. కత్తిపీట పక్కకు పెట్టి, చేతులు తుడుచుకుని, ఆయన వంక చూసింది.

"మిగిలింది మనకెందుకన్నావు కదా అన్నయ్యా. తుడిచేశాను."

  ఆయన కొత్తగా దించుకొచ్చిన కాగితాన్ని ఆవిడ పక్కన పలక మీద పెట్టి, ఈసారి జాగ్రత్తగా చూడు అని గొణిగి వెళ్ళిపోయాడు. ఆవిడ కాగితాన్నీ పలకనీ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, బలపం కూడా పైన పెట్టి వచ్చి మళ్ళీ కూర ముందు కూర్చుంది. అవి అక్కడే ఉండిపోయాయి. మాస్టారి మెడనొప్పి తగ్గలేదు.

ఊళ్ళో మాత్రం అందరూ ఒకటే మాట. పాపం మాస్టారు ఇరవై ఏళ్ళు కష్టపడితే చెల్లెలు ఒక్క పొరపాటుతో ముంచేసింది. కిళ్ళీకొట్టు దగ్గర అదే, కుళాయి దగ్గర అదే. కొన్నాళ్ళకి కాలేజీ పత్రికలో సభ గురించి నాలుగు వాక్యాలు వేశారు. మాస్టారు చదివి విసిరికొడితే వదినగారు ఏరి తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. భాగించినవారు ఫలానా అని అన్నగారి పేరు, ఆ వెంటనే, సంఖ్యను తప్పుగా సరిచూసినవారు ఫలానా అని ఆవిడ పేరు. ఇంటిపేరుతో సహా వేశారు. రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి, అన్నయ్య చెప్పినట్టే.

ఆవిడ వేలు తనంతట తనే కదిలింది. అరిగిపోయిన బొటనవేలితో తన పేరు మీద ఒకసారి రుద్దింది, మళ్ళీ గట్టిగా రుద్దింది. అచ్చు కదా, పోలేదు.